ఎవరూ తుడవనివ్వని రాత

ఏం గాదు తీ

కంప్యూటర్ల ఉద్యోగాల్లో చేరబోయే పిల్లలు మా ఇంటికొచ్చి ఏ కోర్సు చేస్తే బాగుంటుందని అడుగుతుంటారు. కోర్సుల సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను సిద్దిపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లన్నీ చూసుకుని రిటైరైన జబ్బార్‌ని. వైర్లు లాగాను, ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు పీకాను, కాలేజీ వెబ్‌సైటు నడిపాను. ఇన్నేళ్లలో "ఏం గాదు తీ జబ్బార్ భాయ్" అన్న ఒక్క మాట నన్ను సతాయించినంతగా ఏ వైరసూ సతాయించలేదు.

పాస్‌వర్డ్ మార్చుదామంటే ఏం గాదు తీ. పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది వేసుకుందామంటే ఏం గాదు తీ. తీరా ఏదైనా అయ్యాక మాత్రం "జబ్బార్ ఏం జేస్తుండు?" అంటారు. అయ్యేదాకా నేను చాదస్తుణ్ని, అయ్యాక నేనే కారణం. ఈ ఉద్యోగానికి వచ్చేవాళ్లు ముందు దీనికి మనసు గట్టి చేసుకోవాలి.

ప్రమోషన్ల గురించీ ఫైళ్ల గురించీ ఇక్కడ రాయను, వాటిలో మీరు నేర్చుకునేది ఏమీ లేదు. ఒక్క సంగతే రాస్తాను. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో మా కాలేజీ వెబ్‌సైటు మీద ఎవడో రాసిపోయిన రాత సంగతి. దాని వల్ల ఒక మనిషి ఈ ఊళ్లో ఉండాలా, పోవాలా అన్నదాకా వచ్చింది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

దేవుడి పేరు మీద తాళం

ముందు తాళం గురించి చెప్పాలి. వెబ్‌సైటులో ఏదైనా మార్చాలంటే లోపలికి వెళ్లాలి, లోపలికి వెళ్లాలంటే పాస్‌వర్డ్ కావాలి. మా పాస్‌వర్డ్ పెట్టింది మా చైర్మన్ సాబ్. ఆయన వ్యవసాయ కుటుంబంలో పుట్టి, రైస్ మిల్లు పెట్టి, ఆ తర్వాత కాలేజీ పెట్టినవాడు. మంచి మనిషే. కాకపోతే కంప్యూటర్‌ని కూడా కొత్త ట్రాక్టర్‌ని చూసినట్టే చూసేవాడు. వెబ్‌సైటు ప్రారంభించిన రోజు ఆయన కొమురవెల్లి జాతర నుంచి నేరుగా కాలేజీకి వచ్చాడు. నొసటి నిండా బండారి, అదే, మల్లన్న పసుపు. ఆ బండారి ఇంత తీసి కంప్యూటర్‌కు అద్ది, కొబ్బరికాయ కొట్టి, కుర్చీలో కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన చేత్తోనే మల్లన్న పేరు టైపు చేశాడు.

"గిదే మన తాళం," అన్నాడు. "మల్లన్న పేరు మీద మొదలైంది. ఆయననే కాపాడుతడు."

నాలుగు రోజులు ఆగి ఆయన గదికి వెళ్లి మెల్లగా చెప్పాను, ఈ చుట్టుపక్కల ఎవడైనా మొట్టమొదట ఊహించే పేరు అదేనని, మార్చాలని.

చైర్మన్ సాబ్ నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "శుభమని వెట్టిన దేవుని పేరు తియ్యుమంటున్నవా జబ్బారూ?"

ఇక ఏం చెప్పాలి? నాలాంటి పేరు పెట్టుకుని ఆ గదిలో నిలబడి ఆ మాట రెండోసారి ఎలా అనాలి? మల్లన్నతో నాకే పేచీ లేదు. జాతర రోజుల్లో మా ఇంటి ముందు నుంచి పోయే బండ్లవాళ్లకు మా అమ్మ కడవతో నీళ్లు పెట్టేది. మల్లన్న పేరు గుట్ట మీద ఉంటే అందరికీ మంచిది, పాస్‌వర్డ్‌లో ఉంటే దొంగకు మంచిది. ఈ మాట మల్లన్నయినా ఒప్పుకుంటాడేమో గానీ మా చైర్మన్ ఒప్పుకోడు. ఒకసారి తెగించి నేనే మార్చేశాను. మర్నాడు ఆఫీసు గుమాస్తా లోపలికి పోలేక చైర్మన్‌కు ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికల్లా మళ్లీ మల్లన్న పేరే వచ్చి కూర్చుంది.

పైగా అందరికీ కలిపి ఆ ఒక్కటే తాళం. ప్రిన్సిపాల్‌కు తెలుసు, గుమాస్తాకు తెలుసు, ఫొటోలు ఎక్కించే సుధారాణి మేడంకు తెలుసు, నాకు తెలుసు. ఎప్పుడో ఉద్యోగం మానేసి పోయినవాళ్లకు కూడా తెలుసు. ఎవరు లోపలికి వెళ్లినా 'అడ్మిన్' అన్న ఒకే పేరుతో వెళ్లేవాళ్లు. ఎవరికి వారికి వేరువేరు పేర్లు, వేరువేరు పాస్‌వర్డ్‌లు ఇద్దామని అడిగాను.

"మనమంత ఒక్క ఇంటోళ్లమే గద భాయ్, మన్ల మనకు దాపరికమెందుకు?" అన్నాడు గుమాస్తా. ప్రిన్సిపాల్ కూడా తల ఊపాడు.

మొదటి రాత

సమ్మె రోజులవి. పాత బస్టాండు దగ్గర దీక్షా శిబిరం, రోడ్ల మీద వంటావార్పు. కాలేజీ తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. ఒక పొద్దున నేను చాయ్ తాగుతుంటే కనకయ్య సారు ఫోన్ చేశాడు. ఆయన మా కాలేజీలో తెలుగు లెక్చరర్, మా కాలేజీ ఉద్యమ కమిటీకి కన్వీనర్. మైకులో మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయి ఉండేది.

"జబ్బార్ భాయ్, కాలేజి వెబ్‌సైటు జూసినవా? జబర్దస్తుగ వెట్టిన్రు పో."

తెరిచి చూశాను. మా కాలేజీ ఫొటో లేదు, కోర్సులు లేవు, పరీక్షల నోటీసులు లేవు. నల్లటి తెర మీద పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలతో జై తెలంగాణ అని ఉంది. కింద ఇంగ్లిష్‌లో ఏదో ముఠా పేరు, ఒక పుర్రె బొమ్మ.

నాకు మాత్రం అది జబర్దస్తుగా అనిపించలేదు. నేనూ శిబిరంలో కూర్చున్నవాణ్నే, ఆ నినాదం నా నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. కానీ మన ఇంటి గోడ మీద బొగ్గుతో రాసేవాడు రోడ్డు మీద నిలబడి రాసిపోతాడు. వెబ్‌సైటు మీద రాసేవాడు లోపలి గది దాకా వచ్చి, మన బీరువా తెరిచి, మన కుర్చీలో కూర్చుని రాస్తాడు. వాడు ఏం రాశాడో చదివి సంతోషపడటమో కోపపడటమో తర్వాతి సంగతి. ఎలా వచ్చాడు, ఇంకా లోపలే ఉన్నాడా అన్నవి ముందు అడగాలి. ఆ వారమంతా ఈ రెండు ప్రశ్నలూ అడిగినవాళ్లం ఇద్దరమే.

కాలేజీకి పరుగెత్తాను. సైటును కాసేపు మూసేసి, ఉన్నదున్నట్టుగా ఒక నకలు తీసి పెట్టుకుని, ఆ తర్వాత లోపలంతా వెతకాలని నా ఆలోచన. మీరు ఎక్కడ పనిచేసినా మొదట చేయాల్సింది ఇదే. కంగారుపడి రాతను చెరిపేస్తే దొంగ అడుగుల గుర్తులు కూడా దాంతోపాటే చెరిగిపోతాయి. చాలామంది పాత పేజీని మళ్లీ అతికించి, హమ్మయ్య అనుకుని ఇంటికి పోతారు. సున్నం వేస్తే గోడ తెల్లబడుతుంది గానీ తలుపు మూసుకోదు.

వెళ్లేసరికి ప్రిన్సిపాల్ గది ముందు జనం. శిబిరం నుంచి వచ్చినవాళ్లు చైర్మన్ సాబ్ మెడలో బంతిపూల దండ వేస్తున్నారు.

"ఏ కాలేజి జెయ్యని పని మీరు జేసిన్రు సారూ," అంటున్నాడు కనకయ్య సారు.

చైర్మన్ సాబ్ నన్ను చూశాడు, దండను చూసుకున్నాడు. "మన బాధ్యత గదా. మనమే వెట్టిచ్చినం," అన్నాడు.

నేను బిత్తరపోయాను. కన్నం వేసి వచ్చినవాణ్ని మా చుట్టమేనని చెప్పి పరుపు వేసినట్టయింది. జనం కాస్త పలచబడ్డాక గదిలోకి వెళ్లాను. కనకయ్య సారు, ఇంకొందరు లెక్చరర్లు అక్కడే ఉన్నారు.

"సార్, అది మనం వెట్టింది గాదు," అన్నాను. "ఎవడో లోపలికొచ్చిండు. ఇప్పుడే తీసెయ్యాలె."

"పిచ్చి లేసిందా?" అన్నాడు చైర్మన్ సాబ్. "సిద్దిపేటల ఉండి జై తెలంగాణ అన్న మాట తీసేస్తే రేపు నేను బజార్ల తిరుగుతనా? నువ్వు తిరుగుతవా?"

"నినాదం మంచిదే సార్, నేను గాదంటలేను. తలుపు తెరిచున్నది, ముందుగాల గా తలుపు జూడున్రి."

"ఏం గాదు తీ."

కనకయ్య సారు వైపు తిరిగాను. నిజాయితీ ఉన్న మనిషి, ఆయన పాఠం చెబితే పిల్లలు గంట కొట్టినా లేచేవారు కాదు. ఆయన కూడా "ఎవలు వెడితేంది భాయ్, మంచి మాటనే గదా" అన్నాడు. చదువుకున్నవాళ్లకు చెప్పడం కంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడం నయం. చెవిటివాడు కనీసం ఎదురు వాదించడు.

అప్పుడు సుధారాణి మేడం లేచింది. ఆమె కంప్యూటర్ లెక్చరర్. గుంటూరు వైపు నుంచి భర్త ఉద్యోగం మీద ఈ ఊరొచ్చింది. భర్త చనిపోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. మద్దూరు నుంచి, చింతమడక నుంచి ఆటోల్లో వచ్చే ఆడపిల్లలకు మౌసు పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పి, ఉద్యోగాల్లో పెట్టించిన మనిషి.

"జబ్బార్ గారు చెప్పేది నినాదం గురించి కాదండీ," అంది. "అది మనం పెట్టింది కాదు. పెట్టినవాడు రేపు ఇంకేదైనా పెడతాడు. ముందు తీయించండి."

నేను అన్న మాటే ఆమె అంది. నేనంటే చాదస్తం అయింది, ఆమె అంటే ఇంకేదో అయింది.  వెనక నుంచి ఒక లెక్చరర్ "మేడంకు జై తెలంగాణ మింగుడు వడ్తలేనట్టున్నది" అన్నాడు. ఆమె కూర్చుంది. 

రెండో రాత

రాత అలాగే ఉండిపోయింది. దాని ఫొటోతో ఫ్లెక్సీ కూడా వేయించి కాలేజీ గేటుకు కట్టారు. మా సైటు హైదరాబాద్‌లో ఒక కంపెనీ కంప్యూటర్ల మీద నడిచేది. వాళ్లకు ఫోన్ చేసి ఆ రోజు నకలు విడిగా దాచి పెట్టమన్నాను. దాచారు గానీ, దాన్ని తెప్పించుకుని లోపల వెతకాలంటే చైర్మన్ సంతకం కావాలన్నారు. సంతకం అడిగితే ఆయన "ఉద్యమం అయినంక జూద్దాం" అన్నాడు. దొంగ అంతవరకు ఆగుతాడా అని అడగబోయి మానుకున్నాను.

కొద్దిరోజులకే భయపడినంతా అయింది. ఒక మధ్యాహ్నం జై తెలంగాణ మాయమై, దాని స్థానంలో తెలంగాణ వాళ్లను బూతులు తిడుతూ, ఉద్యమం కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లలను వెక్కిరిస్తూ ఒక రాత వచ్చింది. ఆ మాటలు ఇక్కడ రాయను.  ఈసారి ఎవరి అనుమతీ అడగకుండా సైటు మూయించాను. అప్పటికే చూడాల్సినవాళ్లంతా చూసేశారు.

శిబిరం శిబిరమంతా లేచి కాలేజీకి వచ్చింది. వాళ్లకు కోపం రావడంలో తప్పేమీ లేదు, నాకూ వచ్చింది. అసలు చిక్కు చైర్మన్ సాబ్‌ది. మొదటిది మనమే పెట్టించామని దండ వేయించుకున్న మనిషి, రెండోది ఎవడో బయటివాడు పెట్టాడని ఏ ముఖంతో చెబుతాడు? మొదటిది మనదైతే రెండోది కూడా మన ఇంట్లోదే కావాలి. ఆయనకు ఇంట్లో మనిషి ఒకరు కావలసి వచ్చారు.

"పాస్‌వర్డ్ ఎవలెవలికి ఎరుక?" అని ప్రిన్సిపాల్ గదిలో అందరి ముందూ అడిగాడు కనకయ్య సారు.

గుమాస్తా వరసగా పేర్లు చెప్పాడు. సుధారాణి మేడం పేరు చెప్పి ఆగిపోయాడు. ఇంకా పేర్లున్నాయి, కానీ ఆగిపోయాడు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడంటరు," అన్నాడు చైర్మన్ సాబ్ నేల చూపులు చూస్తూ. పేరు ఎత్తలేదు. పేరెత్తకుండా వేలు చూపించడంలో ఆయన ఆరితేరినవాడు.

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. మొదటి రోజు తీసేయమన్నది ఈమేనని ఒకరు గుర్తు చేశారు. తీయించలేక కడుపుమంటతో ఈ పని చేసిందని ఇంకొకరు తేల్చేశారు. పోలీసు కేసు పెట్టాలని ఒకరు, ఉద్యోగంలోంచి తీసేయాలని ఒకరు. వరండాలోంచి "ఊర్లెనే ఉండనియ్యొద్దు" అని వినిపించింది. అందులో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు ఉన్నారు, ఆమె ఇంట్లో పండగకు అరిసెలు తిన్నవాళ్లు ఉన్నారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి "నేను కాదండీ" అని ఒకసారి అంది. ఆ మాట కేకల్లో కలిసిపోయింది.

కనకయ్య సారు నన్ను పక్కకు పిలిచాడు. "భాయ్, నీకైతే ఎరుకైతది. కంప్యూటర్ల జూసి చెప్పు. ఆమె అయితే ఆమె, కాకుంటే కాదు. రేపు పొద్దుగాల్ల శిబిరంల జనానికి చెప్పాలె. అందాక నేను ఆపుత, ఆ తర్వాత నాతోని గాదు."

అడ్మిన్ అంటే ఎవరు?

ఇప్పుడు చైర్మన్ సాబ్ అడగకముందే సంతకం పెట్టాడు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. హైదరాబాద్ కంపెనీ వాళ్లు నకళ్లతోపాటు లాగ్ కూడా పంపారు. లాగ్ అంటే సైటులోకి ఏ పేరుతో, ఏ వేళకు, ఎక్కడి నుంచి వచ్చారో సైటు తనంతట తాను రాసుకునేది.

ఆశగా తెరిచాను. జై తెలంగాణ రాసిన రోజు 'అడ్మిన్' లోపలికి వచ్చాడని ఉంది. అంతే ఉంది. అడ్మిన్ అంటే చైర్మన్, అడ్మిన్ అంటే ప్రిన్సిపాల్, అడ్మిన్ అంటే గుమాస్తా, నేను, ఆమె, ఉద్యోగం మానేసి పోయినవాళ్లు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. వచ్చిన అడ్రసు వేరే దేశానిదని చూపించింది. అడ్రసులు మారువేషాలు వేసుకుంటాయి, దాన్ని పట్టుకుని ఎవరినీ పట్టుకోలేం, ఎవరినీ విడిపించలేం.

అప్పుడు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఎవరి పేరు వారికి, ఎవరి తాళం వారికి ఇవ్వమని నేను మొత్తుకున్నది ఇందుకే. అవి దొంగను ఆపడానికే అనుకుంటారు అందరూ. ఏ తప్పూ చేయని మనిషిని కాపాడేవి కూడా అవే. ఆమె పేరుతో ఆమెకొక ఖాతా ఉండి ఉంటే, ఆ రోజు ఆమె లోపలికే రాలేదని ఒక్క మాటలో తేలిపోయేది. ఒక్క ఇంటోళ్లం, దాపరికమెందుకు అన్న పెద్దమనసు ఇప్పుడు ఆమె మెడకు చుట్టుకుంది. ఆ పెద్దమనసు చూపించినవాళ్ల మెడకు మాత్రం చుట్టుకోలేదు.

లాగ్ పక్కన పెట్టి మొదటి రోజు నకలు తెరిచాను. ఒక్కో ఫైలూ చూసుకుంటూ పోతే ఫొటోలు పెట్టే చోట దొరికింది. మా సైటుకు ఒక పాత జబ్బు ఉండేది. ఫొటో ఎక్కించే చోట అది నిజంగా ఫొటోనా కాదా అని చూసేది కాదు, ఏది ఇస్తే అది తీసుకునేది. కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకుని ఉంటే ఆ జబ్బు పోయేది, అదీ ఏం గాదు తీ ఖాతాలోనే పోయింది. బతుకమ్మ ఆడుతున్న అమ్మాయిల ఫొటోలు, వార్షికోత్సవం ఫొటోలు, వాటి మధ్య ఫొటో కానిది ఒకటి. పేరు ఫొటో పేరులాగే ఉంది, లోపల ఉన్నది ప్రోగ్రాం. బయటి నుంచి ఎవరైనా దాన్ని తెరిస్తే చాలు, పాస్‌వర్డ్ అడగకుండా సైటు మొత్తం చేతికిస్తుంది. దొంగ పోతూ పోతూ పెరటి వైపు తనకోసం ఇంకో తలుపు పెట్టుకుని పోయాడన్నమాట.

అది ఎప్పుడు వచ్చిందో చూశాను. జై తెలంగాణ రాత పడిన రోజే, దానికి కాస్త ముందు. మళ్లీ లాగ్ తీసి రెండో రాత పడిన రోజు చూశాను. ఆ రోజు అడ్మిన్ పేరుతో ఎవరూ లోపలికి రానేలేదు. వచ్చినవాడు ఆ దొంగ ఫైలును తెరిచి, పెరటి తలుపులోంచి వచ్చాడు.

కుర్చీలో వెనక్కి వాలాను. రెండోసారి వచ్చినవాడికి మా పాస్‌వర్డుతో పనే లేదు. మల్లన్న పేరు ఊహించి వచ్చిన మొదటివాడు పెట్టిన తలుపులోంచి వచ్చాడు. ఇద్దరూ ఒకడే కావచ్చు, లేదా వాడి దగ్గర దారి తెలుసుకున్న ఇంకొకడు కావచ్చు. ఇలాంటి ముఠాలకు మన ఊరితో పనిలేదు, మన బాధతో అసలే పనిలేదు. వార్తల్లో ఏ గొడవ నడుస్తుంటే దానికి తగిన మాట అంటించి పోతారు. నలుగురూ చూసి పొగిడినా సరే, తిట్టినా సరే, చూస్తే చాలు వాళ్లకు. మేము చూడటమే కాదు, దండ వేసి ఫ్లెక్సీ కట్టాం.

శిబిరంలో

తెలిసింది కదా అని సంతోషపడటానికి లేదు. ఈ సంగతి ఆమెకు మంచిది, జనానికి చేదు. మీరు గొప్పగా చెప్పుకున్న ఆ జై తెలంగాణ రాసింది దొంగవాడని సిద్దిపేట నడిబొడ్డున, దీక్షా శిబిరంలో నిలబడి చెప్పాలి. అది కూడా నేను చెప్పాలి. పొద్దున మా ఆవిడ "అంతా నువ్వే చెప్పాలా?" అంది. నాకూ అలాగే అనిపించింది. కానీ చెప్పడానికి ఇంకెవరూ లేరు.

కనకయ్య సారు మైకు నా చేతికిచ్చాడు. ఆడవాళ్లు కూర్చున్న వైపు చివర సుధారాణి మేడం ఉంది. పక్కన జాగ ఉన్నా ఎవరూ కూర్చోలేదు.

"మొదట జై తెలంగాణ అని రాసినోడు మనోడు గాదు," అన్నాను. "వాడు దొంగతాళంతోని లోపలికొచ్చిండు. పోంగ పోంగ పెరటి దిక్కు ఇంకో తలుపు వెట్టిపోయిండు. గా తలుపుల నుంచే నిన్నటి తిట్లు వచ్చినయి. గా దారిల వచ్చెటోనికి పాస్‌వర్డ్ అక్కెర లేదు. మొదటి రోజే సైటు మూసి వెతికితే రెండోది అయ్యేదే గాదు. రేపు ఇంకేమన్న వెడ్తడని ఆ రోజే చెప్పింది మేడం."

జనంలో కలకలం. మొదటి రోజు మింగుడు పడటం లేదన్న లెక్చరరే లేచి "గా తలుపు గూడ ఆమెనే వెట్టి ఉంటది" అన్నాడు.

నాకు ఓపిక అయిపోయింది. "సరే, ఆమెనే వెట్టిందనుకో. తలుపు వెట్టినోడే జై తెలంగాణ రాసిండు. అంటే గా రాత రాసింది గూడ ఆమెనే. మరి చైర్మన్ సాబ్ మెడల ఏసిన దండ తీస్కపోయి ఆమె మెడల ఎయ్యున్రి. దండ ఒగలకు, తన్నులు ఒగలకా?"

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు ముందుకు పాకింది. లేచిన లెక్చరర్ కూర్చున్నాడు. కనకయ్య సారు మాత్రం నవ్వలేదు. ఆయన నెమ్మదిగా చైర్మన్ వైపు తిరిగాడు.

"సారూ, మొదటిది మీరు వెట్టిచ్చిన్రా, లేదా? గీ జనం ముంగట చెప్పున్రి."

చైర్మన్ సాబ్ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "నేను వెట్టియ్యలే," అన్నాడు చివరికి. "అందరు సంబురపడ్తున్నరని అట్ల అన్న."

ఆయన మీద నాకు ఎంత కోపం ఉన్నా ఈ ఒక్కదానికి మార్కులు వేస్తాను. ఉద్యోగంలో నేను చూసిన పెద్దమనుషుల్లో అంతమంది ముందు తన మాట అబద్ధమని ఒప్పుకున్నది ఆయనొక్కడే. అదే మాట ముందు రోజు ఆ గదిలో అని ఉంటే ఇదంతా ఉండేది కాదు. కనకయ్య సారు నేరుగా సుధారాణి మేడం దగ్గరకు వెళ్లి, అందరి ముందు చేతులు జోడించి "తప్పయింది మేడం" అన్నాడు. ఆమె తల ఊపింది.

ఆ తర్వాత

ఆ తర్వాత నేను అడిగినవన్నీ జరిగాయి. దొంగ రాకముందు నాటి శుభ్రమైన నకలు వెతికి, దాని నుంచి సైటును మళ్లీ నిలబెట్టాను. పాడైన దాన్నే తుడిచి వాడుకుంటే ఏ మూల ఇంకేం దాచాడో మనకు తెలియదు, ఆ ఆశ పెట్టుకోకండి. కొత్త సాఫ్ట్‌వేర్ వేశాం. ఫొటో చోట ఫొటో తప్ప ఇంకేదీ పోకుండా కట్టేశాం. మానేసి పోయినవాళ్ల దారులు మూసేశాం. ఎవరి పేరు వారికి, ఎవరి పాస్‌వర్డ్ వారికి ఇచ్చాం. అనుమానం వస్తే ఎవరినీ అడగకుండా సైటు మూసే అధికారం నాకిస్తున్నట్టు చైర్మన్‌తో కాగితం రాయించుకున్నాను. మీరు ఉద్యోగంలో చేరిన రోజే ఆ కాగితం అడగండి. ఇవ్వకపోతే రోజూ అడగండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. రోజూ పొద్దున మీ సైటును బయటి మనిషిలా ఒకసారి తెరిచి చూసుకోండి, దానికి ఖర్చేమీ లేదు. రాసినవాడు మనకు నచ్చే మాట రాశాడా, నచ్చని మాట రాశాడా అన్నది మాత్రం చూడకండి. నచ్చే మాట రాసినవాడే ఎక్కువ ప్రమాదం, వాణ్ని ఎవరూ వెళ్లగొట్టనివ్వరు.

ఇదంతా సర్దుకుని, తరగతులు మళ్లీ మొదలై, పరీక్షలు కూడా అయిపోయాక, సుధారాణి మేడం రాజీనామా ఇచ్చిందని విన్నాను. నమ్మలేక ల్యాబ్‌కు వెళ్లాను. బీరువాలోంచి తన పుస్తకాలు తీసి అట్టపెట్టెలో సర్దుకుంటోంది.

"గదేంది మేడం?" అన్నాను. "మీ తప్పు లేదని ఊరందరి ముంగట తేలింది. కనకయ్య సారంతటోడు చేతులు జోడించిండు. ఇప్పుడు మిమ్ముల ఎవలన్న ఏమన్న అంటున్నరా?"

"ఎవరూ ఏమీ అనట్లేదండీ. అందరూ బాగానే ఉంటున్నారు. నిన్న గుమాస్తా చాయ్ కూడా తెచ్చిచ్చాడు."

"మరెందుకు పోవుడు?"

ఆమె చేతిలోని పుస్తకం పెట్టెలో పెట్టింది.

"ఆ రోజు ఆ గదిలో నన్ను ఇన్నేళ్ల నుంచీ ఎరిగినవాళ్లు అంతమంది ఉన్నారు జబ్బార్ గారూ. ఈమె అలాంటిది కాదు అని ఒక్కరూ అనలేదు. నా తరఫున మాట్లాడింది కంప్యూటరొక్కటే."